కొన్న లిస్టు తీసేయండి, అడిగి చేరినవాళ్లకే మెయిల్ పంపండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది దేవరకొండ. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీకి చదివేటోళ్ల కోసం నోట్స్ పీడీఎఫ్‌లు పెట్టే చిన్న వెబ్‌సైట్ నడుపుతున్న. రెండేండ్లల్ల 2,300 మెయిల్ ఐడీలు జమైనయ్. కొన్ని వెబ్‌సైట్ ఫారంల వచ్చినయ్, కొన్ని నల్లగొండల కోచింగ్ సెంటర్ల కాడ కాగితం మీద రాయించుకున్న, కొన్ని తెలిసిన నెట్ సెంటరాయన ఇచ్చిండు. అవి సాలయని 1,500 రూపాయలు పెట్టి 40 వేల ఐడీల లిస్టు గూడ కొన్న. మెయిల్ పంపే సర్వీసుల అకౌంట్ తీసుకొని, నా జీమెయిల్ అడ్రస్ పెట్టి, పుస్తకాలు, టెస్ట్ సిరీస్‌ల అఫిలియేట్ లింకులు (వాటితోని ఎవరన్న కొంటే మనకు కమీషన్ వస్తది) పంపిన. మొదటిరోజు 6 వేలు పోయినయ్. సాయంత్రానికి అకౌంట్ ఆపేసిండ్రు. 11 క్లిక్కులు, పైసా రాలే. మెయిల్ పని అయిపోయిందా? ఏ కంపెనీ ఆఫర్లు తీసుకుంటే పైసలొస్తయ్? మా దోస్తు రమ్మీ యాప్ లింకులు పంపుమంటున్నడు, ఒక్కొక్క డౌన్‌లోడ్‌కు మంచి పైసలిస్తరంట.
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: మెయిల్ పని అయిపోలేదు తమ్ముడూ. ఏ కంపెనీ ఆఫర్ అన్నది తర్వాత చూద్దాం. మీ డబ్బు ఆగింది ఆఫర్ దగ్గర కాదు, లిస్టు దగ్గర. ముందు ఆ 40 వేల లిస్టును కంప్యూటర్లోంచి తీసేయండి. పెట్టిన 1,500 పోయాయని బాధపడి, అందులోంచి 'మంచివి ఏరి' వాడదామని మాత్రం అనుకోకండి.

అకౌంట్ ఎందుకు ఆగిందో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నామో అర్థమవుతుంది. అమ్మకానికి తిరిగే లిస్టుల్లో మూడు రకాల చెత్త ఉంటుంది. మొదటిది, చచ్చిపోయిన ఐడీలు. వాటికి పంపిన మెయిల్ తిరిగొస్తుంది, దీన్నే హార్డ్ బౌన్స్ అంటారు. రెండోది, ఉచ్చుల్లాగా పెట్టిన ఐడీలు. వీటి వెనుక మనిషి ఉండడు. ఎవరు అడగకుండా పంపుతున్నారో పట్టుకోవడానికే వాటిని పెడతారు. మూడోది, మీరెవరో తెలియని నిజమైన మనుషులు. వాళ్లు మెయిల్ చూడగానే స్పామ్ బటన్ నొక్కుతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. మెయిల్ సర్వీసులు ఈ లెక్కల్ని ఎప్పటికప్పుడు చూస్తుంటాయి. ఉదాహరణకు అమెజాన్ వాళ్ల మెయిల్ పంపే సర్వీసు ఎస్ఈఎస్‌లో బౌన్సులు 5 శాతానికి చేరితే అకౌంట్‌ను పరిశీలనలో పెడతారు, 10 శాతం దాటితే పంపడం ఆపేయవచ్చు. ఫిర్యాదులైతే 0.1 శాతానికే పరిశీలన, 0.5 శాతానికి ఆపివేత. కొన్న లిస్టుతో ఈ హద్దులు దాటడానికి ఒక పూట చాలు. మీకు సాయంత్రం దాకా టైమ్ పట్టింది, అంతే తేడా.

రెండో తప్పు, సర్వీసు ద్వారా పంపుతూ పంపేవారి చోట మీ జీమెయిల్ అడ్రస్ పెట్టడం. జీమెయిల్ పేరుతో వచ్చే మెయిల్ గూగుల్ సర్వర్ల నుంచి రాకపోతే గూగుల్ దాన్ని దొంగ పేరుతో వచ్చినదానిగానే చూస్తుంది. నేరుగా జీమెయిల్ లోంచే పంపుదామన్నా మామూలు అకౌంట్‌కు రోజుకు 500 మంది హద్దు. పైగా అది సొంత ఉత్తరాలకు ఇచ్చినది, ప్రచారానికి కాదు.

ఇక మీ దగ్గరున్న 2,300. ఇది కూడా ఒకే రకం సరుకు కాదు, మూడు కుప్పలుగా విడదీయండి. నెట్ సెంటరాయన ఇచ్చిన కుప్పను మొత్తంగా వదిలేయండి. మన దగ్గర సంగతి మీకు తెలిసిందే. ఉద్యోగ దరఖాస్తుకు మెయిల్ ఐడీ కావాలంటే సెంటర్లో కూర్చున్నాయనే అప్పటికప్పుడు ఒకటి తెరుస్తాడు. పాస్‌వర్డ్ ఆయన నోటు పుస్తకంలో ఉంటుంది. హాల్‌టికెట్ దిగాక ఆ ఐడీని ఎవరూ ముట్టరు. రెండేళ్లు వాడని అకౌంట్లను తొలగిస్తామని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ డిసెంబర్ నుంచి మొదలుపెట్టింది కూడా. అంటే ఆ కుప్పలో ఒక భాగం ఇప్పటికే బౌన్స్ అయ్యే సరుకు, మిగతాది ఎవరూ తెరవని సరుకు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, వాళ్లు ఐడీ ఇచ్చింది దరఖాస్తు కోసం, మీకోసం కాదు. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం సమ్మతి గురించి చెప్పేది కూడా ఇదే: ఏ పనికి ఇస్తున్నారో తెలిసి, ఆ పనికే ఇవ్వాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి.

కాగితం మీద రాయించుకున్నవాటిలో రాత తప్పులు వెతకండి. జీమెయిల్ స్పెల్లింగులో అక్షరాలు తారుమారు కావడం, చివర 'కామ్'కు బదులు 'కాన్' పడటం, సున్నాకు బదులు 'ఓ' అక్షరం, అంకె ఒకటికి బదులు 'ఎల్' అక్షరం. ఎక్సెల్‌లో అక్షర క్రమంలో పెట్టి, @ గుర్తు తర్వాతి భాగాన్ని వేరే గడిలోకి తీస్తే గంటలో దొరికిపోతాయి. తప్పని స్పష్టంగా తెలిసినవే దిద్దండి. అనుమానం ఉన్నవి తీసేయండి.

మిగిలినవాళ్లకు ఆఫర్ పంపకుండా ముందు ఒక్క మాట అడగండి. ఆ మెయిల్ ఇట్లా ఉండొచ్చు:

"నమస్తే. మీరు మా సైట్లో నోట్స్ తీసుకున్నప్పుడో, నల్లగొండలో కోచింగ్ దగ్గరో ఈ మెయిల్ ఐడీ ఇచ్చారు. ఇకనుంచి వారానికి ఒక మెయిల్ పంపుదామనుకుంటున్నాం. తెలంగాణ చరిత్ర, జాగ్రఫీ నుంచి పది ప్రశ్నలు, వివరణతో. అప్పుడప్పుడు పుస్తకాలు, టెస్ట్ సిరీస్‌ల గురించి కూడా చెబుతాం, వాటిలో కొన్నిటికి మాకు కమీషన్ వస్తుంది. కావాలంటే కింద 'పంపండి' నొక్కండి. నొక్కకపోతే మళ్లీ ఒక్కసారి గుర్తుచేసి ఆపేస్తాం."

పది రోజుల తర్వాత రెండోసారి పంపి, అప్పటికీ నొక్కనివాళ్లను తీసేయండి. 2,300 కాస్తా 400 అవ్వొచ్చు. గుండె గుభేలుమంటుంది, నిజమే. కానీ ఆ 400 మంది మీ పేరు చూసి మెయిల్ తెరుస్తారు, మిగతా 1,900 మంది మీ మెయిళ్లను స్పామ్‌లోకి నెట్టేవాళ్లు. వాళ్లు నెట్టిన కొద్దీ ఈ 400 మందికి కూడా మీ మెయిల్ కనబడకుండా పోతుంది.

పంపే ముందు ఇల్లు సర్దుకోవాలి. సొంత డొమైన్ (సొంతంగా కొన్న సైట్ అడ్రస్ పేరు) ఉంటేనే పని. సైట్‌కు డొమైన్ ఉంటే అదే వాడొచ్చు, లేదా దానికింద 'మెయిల్' అనో 'ఉత్తరం' అనో ఒక సబ్‌డొమైన్ పెట్టుకోండి. ఇప్పటికే దెబ్బతిన్నది మీ జీమెయిల్ అడ్రస్, సర్వీసు అకౌంట్. డొమైన్ ఇంకా శుభ్రంగా ఉందన్నది మీ అదృష్టం. ఒకవేళ ఆ 6 వేల మెయిళ్లలో మీ సైట్ లింకు కూడా ఉండి ఉంటే మాత్రం మొదటి నెల ఇంకా నెమ్మదిగా వెళ్లండి.

డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ సెట్టింగుల్లో (డొమైన్ వివరాలను ఇంటర్నెట్‌కు చెప్పే పట్టిక ఇది) మూడు రికార్డులు పెట్టాలి. ఎస్‌పీఎఫ్ అంటే, నా డొమైన్ పేరుతో ఫలానా సర్వర్లు పంపొచ్చు అని చెప్పే జాబితా. డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీద పడే సంతకం. డీమార్క్ అంటే, ఈ రెండూ తప్పితే ఆ మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే ఆదేశం. దీన్ని మొదట 'నన్' పాలసీతో, అంటే 'ఏమీ చేయొద్దు' అన్న ఆదేశంతో పెట్టండి. ఈ రికార్డుల్లో ఏం రాయాలో మెయిల్ సర్వీసే ఇస్తుంది, కాపీ చేసి అతికించడమే. అయినా ఇక్కడ మూడు చోట్ల తప్పు జరుగుతుంది. ఒకటి, ఇప్పటికే ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండగా ఇంకోటి కలపడం. ఒక డొమైన్‌కు ఒకటే ఉండాలి, రెండు ఉంటే రెండూ చెల్లవు. పాతదానిలోనే కొత్త సర్వీసు పేరు చేర్చాలి. దాంట్లో డీఎన్ఎస్‌ను వెతికే పేర్లు పది దాటినా తప్పే. రెండు, రికార్డు పేరు గడిలో పూర్తి డొమైన్‌తో సహా అతికించడం. చాలా ప్యానెళ్లు డొమైన్‌ను తామే చివర కలుపుతాయి, దాంతో డొమైన్ పేరు రెండుసార్లు పడి డీకిమ్ దొరకదు. గంటల తరబడి తల పట్టుకునేది ఎక్కువగా దీనికే. మూడోది కాస్త మెల్లగా బయటపడుతుంది: సంతకం పాసవుతుంది కానీ అది మీ డొమైన్‌ది కాదు, సర్వీసుది. ఎస్‌పీఎఫ్ కూడా మీ డొమైన్‌తో కలవకపోతే అప్పుడు డీమార్క్ ఫెయిలవుతుంది.

సరిగా ఉందో లేదో చూడటానికి ఎవరినీ అడగక్కర్లేదు. మీ జీమెయిల్‌కే ఒక పరీక్ష మెయిల్ పంపుకోండి. కంప్యూటర్లో దాన్ని తెరిచి, కుడివైపు మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. పైన పెట్టెలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి ఎదురుగా 'పాస్' అని ఉండాలి. డీకిమ్ పక్కన కనిపించే డొమైన్ మీదై ఉండాలి. ఈ నాలుగూ సరిపోయేదాకా ఒక్క మెయిల్ కూడా బయటికి పంపొద్దు.

జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. జీమెయిల్ అకౌంట్లకు రోజుకు 5 వేలు, ఆపైన పంపేవాళ్లకు ఈ మూడు రికార్డులూ తప్పనిసరి. ప్రచార మెయిల్ పైన ఒక్క నొక్కుతో బయటికి వెళ్లే సదుపాయం ఉండాలి, వద్దన్నవాళ్లను రెండు రోజుల్లో తీసేయాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపు ఉంటే మంచిది. మీరు 5 వేలు పంపరు కదా అని వదిలేయకండి. చిన్న లిస్టుకు ఈ శాతం ఇంకా కఠినం. 300 మందికి పంపితే ఒక్క మనిషి స్పామ్ నొక్కినా 0.33 శాతం అవుతుంది. అందుకే 'ఇక ఈ మెయిళ్లు వద్దు' అన్న లింకును అడుగున సన్న అక్షరాల్లో దాచకండి. తెలుగులో, తెలిసే సైజులో పెట్టండి. బయటికి పోయే దారి కనబడనివాళ్లే స్పామ్ నొక్కుతారు.

సర్వీసు ఎంచుకునేటప్పుడు ధరకంటే ముందు నిబంధనల పేజీలో 'అఫిలియేట్' అన్న మాట వెతకండి. కొన్ని సర్వీసులు అఫిలియేట్ ప్రచారాన్నే ఒప్పుకోవు, కొన్ని ఒప్పుకుంటాయి కానీ లింకుల మీద షరతులు పెడతాయి. అవతలివైపు కూడా అంతే. కొన్ని అఫిలియేట్ ప్రోగ్రాములు తమ లింకును మెయిల్లో పెట్టనివ్వవు, లేదా ముందుగా అనుమతి తీసుకోమంటాయి. చదవకుండా పెడితే నెలాఖరుకు జమైన కమీషన్ మొత్తం రద్దుచేసే హక్కు వాళ్లకుంటుంది. మీకు సరిపడే పద్ధతి ఇది: మెయిల్లో లింకు మీ సైట్ పేజీకి ఇవ్వండి. ఆ పేజీలో పుస్తకం గురించి మీ మాట, లోటుపాట్లు రాసి, అఫిలియేట్ లింకు అక్కడ పెట్టండి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. అఫిలియేట్ నెట్‌వర్కుల ట్రాకింగ్ డొమైన్లను, లింకు కుదించే సర్వీసులను మోసగాళ్లు కూడా వాడతారు కాబట్టి కొన్ని బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కుతుంటాయి. అలాంటి లింకు ఒక్కటున్నా, మీ డొమైన్ ఎంత శుభ్రంగా ఉన్నా మెయిల్ స్పామ్‌కే పోతుంది.

ఇప్పుడు మెయిల్ రాయడం. మీ బలం అంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే మీరు సరుకు తెలిసినవారు. చదివే పిల్లలకు ఉపయోగపడే ఒక్క సంగతి చెప్పి, దానికి పొసగితేనే పుస్తకం పేరెత్తండి. ఒక ఉదాహరణ చూడండి. తెలంగాణ జిల్లాల లెక్కలో పిల్లలు తరచుగా తడబడతారు. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట, ములుగు చేరి 33 అయ్యాయి. నారాయణపేట పాలమూరు లోంచి విడిపోయింది, ములుగు భూపాలపల్లి లోంచి. మీ మెయిల్ సబ్జెక్టు: 'మీ పుస్తకంలో జిల్లాలు 31 ఉన్నాయా, 33 ఉన్నాయా?' లోపల ఈ నాలుగు వాక్యాలు, రెండు ప్రాక్టీసు ప్రశ్నలు. తర్వాత ఇలా: '31 అని ఉంటే అది పాత ఎడిషన్. జాగ్రఫీ, జనాభా పట్టికలు కూడా పాతవే ఉండే అవకాశం ఉంది. కొత్త ఎడిషన్లలో మేం పోల్చి చూసిన మూడు పుస్తకాల వివరాలు ఈ పేజీలో ఉన్నాయి. అక్కడి లింకుతో కొంటే మాకు కొంత కమీషన్ వస్తుంది, మీకు ధర పెరగదు. జిల్లా గ్రంథాలయంలో కొత్త ఎడిషన్ దొరికితే కొనాల్సిన పనే లేదు.'

ఆ చివరి వాక్యం తీసేయాలనిపిస్తుంది. తీసేయకండి. చదివేవాళ్లలో చాలామంది ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బుతో నల్లగొండలోనో, మహబూబ్‌నగర్లోనో రూములు తీసుకొని ఉంటున్నవాళ్లు. కొనక్కర్లేదని చెప్పినవాడు, ఎప్పుడైనా కొనమంటే నమ్ముతారు. ఆ పోల్చిన పేజీ కూడా నిజంగా పుస్తకాలు ముందు పెట్టుకొని రాయండి: ఎన్ని పేజీలు, ప్రశ్నలకు వివరణ ఉందా, సమాధానాలు మాత్రమేనా, అచ్చుతప్పులు ఎక్కడెక్కడ ఉన్నాయి.

కమీషన్ వస్తుందన్న మాట లింకు దగ్గరే, తెలుగులోనే ఉండాలి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన సూచనల ప్రకారం, ప్రచారం చేసేవారికి కంపెనీతో డబ్బు సంబంధం ఉంటే అది స్పష్టంగా, తప్పకుండా కనబడేట్టు చెప్పాలి. కోచింగ్ రంగానికి 2024 నవంబర్లో వేరే మార్గదర్శకాలు వచ్చాయి. 'సెలక్షన్ గ్యారంటీ' లాంటి హామీలు, తప్పుడు ర్యాంకుల లెక్కలు వాటి ప్రకారం కుదరవు. కాబట్టి మీకు వచ్చే కోర్సు ఆఫర్లలో అలాంటి రాతలుంటే, కమీషన్ ఎంతైనా సరే, ఆ బ్యానర్ మీ మెయిల్లోకి రానివ్వకండి.

సబ్జెక్టు లైన్లో అబద్ధం వద్దు. 'గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది' అని రాసి లోపల టెస్ట్ సిరీస్ పెడితే ఆ రోజు అందరూ తెరుస్తారు, మరుసటి రోజు నుంచి ఎవరూ తెరవరు. నిజంగా నోటిఫికేషన్ వచ్చినప్పుడు మాత్రం ఆ రోజే పంపండి, పబ్లిక్ సర్వీస్ కమిషన్ అధికారిక సైట్ పేరు పెట్టి, చివరి తేదీ, ఫీజు, వయసు హద్దు రాసి. అప్పుడు అఫిలియేట్ లింకు పెట్టకండి. మూడు నాలుగు రోజులాగి, సిలబస్‌లో ఏ భాగానికి ఏ పుస్తకం అన్న మెయిల్ పంపితే కొనుగోళ్లు వచ్చేది దానికే. వారంలో ఏ రోజు, ఏ గంటకు పంపాలన్న చర్చలో కాలం పోగొట్టుకోవద్దు. మీ రంగంలో పంపాల్సిన రోజును నిర్ణయించేది పరీక్షల తేదీలే.

తెలుగులో రాసేవాళ్లు చూసుకోవాల్సిన ఒక చిన్న సంగతి. మెయిల్ 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ దాన్ని మధ్యలో కోసేసి, మిగతాది చూడాలంటే నొక్కమంటుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు తీసుకుంటే తెలుగులో ఒక్కో గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది. 'క్షా' అని రాస్తే అందులో క, పొల్లు, ష, దీర్ఘం కలిపి నాలుగు గుర్తులు, అంటే 12 బైట్లు. మాటలతోనే 102 నిండదు గానీ, రంగుల టెంప్లేట్ పెట్టి, వర్డ్ ఫైల్ లోంచి కాపీ చేసి అతికిస్తే కనబడని ఫార్మాటింగ్ కోడ్ కలిసి నిండిపోతుంది. కోసేది అడుగునుంచే కదా, అక్కడే ఉండే 'వద్దు' లింకు పోతుంది. కాబట్టి నోట్‌ప్యాడ్‌లో ఒకసారి అతికించి, అక్కడినుంచి తీసుకోండి. టెంప్లేట్ సాదాగా ఉంచండి. మొత్తం మెయిల్‌ను ఒక బొమ్మగా చేసి పెట్టడం అసలే వద్దు. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో బొమ్మ రాదు, ఖాళీ పెట్టె కనబడుతుంది. పీడీఎఫ్‌ను జతచేయకుండా లింకుగా ఇవ్వండి.

పంపే జోరు ఎలా పెంచాలంటే, 'పంపండి' నొక్కినవాళ్లలో ఈమధ్య చేరినవాళ్లతో మొదలుపెట్టండి. మొదటిరోజు 50 మంది, రెండు రోజులాగి 100, తర్వాత 200, అలా రెండు మూడు వారాల్లో మొత్తానికి. మధ్యలో బౌన్సులు 2 శాతం దాటినా, ఫిర్యాదు వచ్చినా అక్కడే ఆగి లిస్టు చూడండి. మళ్లీ లిస్టు పెంచడానికి సైట్ ఫారం ఒక్కటే నమ్మండి. పీడీఎఫ్‌ను పేజీలో కాకుండా మెయిల్‌కే పంపితే తప్పు ఐడీలు వాటంతటవే ఆగిపోతాయి. వారం వారం మెయిల్ కావాలా అన్న టిక్కు పెట్టె వేరుగా, ఖాళీగా ఉంచండి. టిక్కు పెట్టినవాళ్లకు ఒక నిర్ధారణ మెయిల్ పోవాలి, అందులో నొక్కితేనే లిస్టులో చేరాలి. కోచింగ్ సెంటర్ల దగ్గర కాగితం బదులు క్యూఆర్ కోడ్ అతికించండి, వాళ్ల ఫోన్లో వాళ్లే టైప్ చేస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకు కూడా ఫారం లింకే ఇవ్వండి.

కొత్తగా చేరినవాళ్లకు మొదటి పది రోజులు ముఖ్యం. చేరిన నిమిషంలోనే అడిగిన పీడీఎఫ్ వెళ్లాలి. రెండో రోజు ఆ నోట్స్ ఎలా చదవాలో, నాలుగో రోజు పది ప్రశ్నలు, ఏడో రోజు పుస్తకాల పోలిక పేజీ. మొదటి అఫిలియేట్ లింకు కనబడేది ఏడో రోజునే. ఆ తర్వాత నాలుగు మెయిళ్లలో ఒకదానికి మించి అమ్మకం మాట వద్దు. 90 రోజులుగా దేన్నీ నొక్కనివాళ్లకు 'ఇంకా పంపాలా?' అని ఒకసారి అడిగి, జవాబు లేకపోతే తీసేయండి.

లెక్కలు చూసేటప్పుడు ఎంతమంది తెరిచారన్న అంకెను నమ్మకండి. 2021లో ఆపిల్ తెచ్చిన ప్రైవసీ సదుపాయం మనిషి చూడకముందే మెయిల్లోని బొమ్మలను దించుకుంటుంది, దాంతో తెరిచినట్టే పడుతుంది. క్లిక్కులు, తిరుగు జవాబులు, కొనుగోళ్లు, ఇవి చూడండి. ఒక్కో మెయిల్‌కు ఒక్కో ట్రాకింగ్ ఐడీ (అఫిలియేట్ లింకులో చేర్చే గుర్తు) పెట్టుకుంటే ఏ మెయిల్ వల్ల అమ్మకం జరిగిందో తెలుస్తుంది. క్లిక్కులు ఉండి అమ్మకాలు సున్నా అయితే ముందు మీ ఫోన్ నుంచే లింకు నొక్కి చూడండి. జీమెయిల్ యాప్ లోపల తెరుచుకున్న పేజీ నుంచి షాపింగ్ యాప్‌లోకి దూకేటప్పుడు కొన్నిసార్లు మీ ట్రాకింగ్ ఐడీ జారిపోతుంది. కొనుగోలును మీ ఖాతాలో రాసే గడువు కూడా ప్రోగ్రామును బట్టి ఉంటుంది, కొన్నిట్లో 24 గంటలే, కొన్నిట్లో 30 రోజులు. పరీక్ష కోసమైనా సరే మీ లింకుతో మీరే కొనకండి, చాలా ప్రోగ్రాముల్లో అది నిషేధం.

డబ్బు ఎంతొస్తుందో ముందే లెక్కేసుకుంటే నిరాశ ఉండదు. 400 మందిలో 40 మంది నొక్కి, నలుగురు కొన్నారనుకుందాం. 450 రూపాయల పుస్తకం మీద 6 శాతం చొప్పున ఒక్కోదానికి 27, మొత్తం 108 రూపాయలు. అదే 600 రూపాయల టెస్ట్ సిరీస్ మీద 20 శాతం అయితే ఒక్కోదానికి 120, నలుగురికి 480. వాపసు ఇచ్చిన పుస్తకాలకు కమీషన్ వెనక్కి పోతుంది. మొదటి మూడు నెలలు డొమైన్ ఖర్చు వెళ్తే చాలనుకోండి. రోజూ పది మంది కొత్తవాళ్లు ఫారం నింపితే ఏడాదికి 3,650 మంది, అందులో సగం నిలబడినా లెక్క మారుతుంది. టెస్ట్ సిరీస్‌లు మీకు సరైన సరుకు అని మా అభిప్రాయం, కానీ ముందు ఉచిత పరీక్ష మీరే రాసి, తెలుగు మాధ్యమం ప్రశ్నలు యంత్రం అనువదించినట్టు ఉన్నాయో లేవో చూసుకున్నాకే. తెలుగు మాధ్యమం పిల్లలు ఎక్కువగా ఫిర్యాదు చేసేది దాని గురించే. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 20 వేలు దాటి కమీషన్ వస్తే 2 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) కోస్తారు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. అందుకే చేరేటప్పుడే పాన్ సరిగా ఇవ్వండి. కోసింది ఆదాయపు పన్ను సైట్లో మీ పాన్ కింద కనబడుతుంది, రిటర్న్ వేస్తే పన్ను పరిధిలో లేనివాళ్లకు వెనక్కి వస్తుంది.

చివరగా రమ్మీ లింకుల మాట. దాన్ని ముట్టుకోవద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టం సవరించి నిషేధించింది, రమ్మీ కూడా అందులోకే వస్తుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం ఇలాంటి ఆటలకు ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లింకు పంపినవాడు ప్రచారం చేసినవాడే. ఆడేది ఎవరన్నది కూడా ఆలోచించండి: మీ లిస్టులో ఉన్నది ఉద్యోగం లేక, పరీక్ష ఎప్పుడొస్తుందా అని రూములో కూర్చొని చదువుతున్న పిల్లలు. వాళ్ల మెస్ డబ్బులు, ఫీజు డబ్బులే అందులోకి పోయేది. మీ దోస్తు ఇప్పటికే ఆ లింకులు గ్రూపుల్లోనో, ఏదైనా పేజీలోనో పెట్టి ఉంటే ఇవాళే తీసేయమనండి.